పుస్తకంలో లేని రేవు

1979 ఫిబ్రవరి 10, శనివారం

మిరప మొదటి కోత కల్లంలో ఎండబోసి వచ్చాం. రెండో కోత తమ్ముడు తిరుపతిరావు చూసుకుంటానన్నాడు. వానొస్తే ఎవరూ చేసేదేమీ లేదు.

మా ఆవిడ సీతారావమ్మకి ఎల్లుండి కంటి ఆపరేషను. జగ్గయ్యపేట సత్రంలో శిబిరం పెట్టారు. శుక్లం ముదిరేదాకా ఆగాలంటే ఏడాది పైన ఆగాం. అమ్మాయి భారతి మైలవరంలో నెలలు నిండి ఉంది, రాలేదు. నేనే ఉండాలి.

పెట్టెలో చీరలు, దుప్పటి, గ్లాసు పెట్టుకుంది. అడుగున ఒక లావు పుస్తకం. కళ్ళు కనపడనిదానివి పుస్తకమెందుకన్నా. "ఉండనీండి" అంది.

ఫిబ్రవరి 11

డాక్టరుగారు పరీక్ష చేశారు. ఎడమ కంట్లో టార్చి వేసి చూసి "ఇదెప్పుడు పోయింది?" అన్నారు.

"అమ్మవారు పోసినప్పుడండి. చిన్నతనంలోనే."

"అంటే నీకున్నది ఈ కుడిదొక్కటే. ఇది పోతే చీకటే. చెప్పినట్టు వింటావా?"

"వింటానండి."

తర్వాత అరుగు మీద కూర్చుంటే పాతవి గుర్తొచ్చాయి. వాళ్ళది ముక్త్యాల దగ్గర, కృష్ణ ఒడ్డునే ఊరు. పెళ్ళిచూపులప్పుడు మా మామగారు ఆమెని ఎడమ పక్క గోడకి ఆనించి కూర్చోబెట్టాడు. తలెత్తనివ్వలేదు. పీటల మీద గానీ మావాళ్ళకి కన్ను సంగతి తెలియలేదు. మా అమ్మ పందిట్లోనే అరిచింది, మావాణ్ణి మోసం చేసి గుడ్డిపిల్లని అంటగట్టారని. పోయేదాకా ఆ మాట అంటూనే ఉంది. నేనేమీ అనలేదు. పెద్దవాళ్ళ మధ్యన మనం మాట్లాడేదేముంది. సీతారావమ్మా ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. అందరం మర్చిపోయాం.

ఫిబ్రవరి 12

అయింది. రెండు కళ్ళకీ కట్టు. తలకి అటూ ఇటూ ఇసక సంచులు. కదలకూడదు. దగ్గకూడదు, తుమ్మకూడదు, గట్టిగా నవ్వకూడదు. ముఖ్యంగా ఏడవకూడదు. నమిలే తిండి కూడా వద్దట, జావే. కుట్టు తెగితే, లోపల రక్తం దిగితే ఇక తన చేతుల్లో లేదని డాక్టరుగారు ఒక్కొక్క మంచం దగ్గరా నిలబడి చెప్పారు.

పక్క మంచం లూర్దమ్మది. చందర్లపాడు వైపు మనిషి, మా చేలల్లో కోతకి వచ్చేది. ఊళ్ళో అయితే మా వాకిట్లో నిలబడి మాట్లాడేది. ఇక్కడ రెండు మంచాల మధ్య జానెడు. ఆమెకి తోడు తమ్ముడు ప్రేమదాసు, స్కూలు మాస్టరు.

పక్కన ఎవరని అడిగి, సీతారావమ్మ చెప్పగానే "అమ్మో, మీరా" అంది లూర్దమ్మ. మళ్ళీ తనే, "పోనీలెండమ్మగారూ, ఇద్దరికీ కళ్ళు లేవుగా. ఎవరి పక్కన ఎవరు పడుకున్నారో మనకేం తెలుసు" అంది.

సీతారావమ్మకి నవ్వొచ్చింది. నర్సమ్మ వచ్చి అందర్నీ కేకలేసింది.

ఫిబ్రవరి 13

పొద్దున్నే "పుస్తకం తీయండి" అంది.

వారపత్రికలో వచ్చిన సీరియలు. భారతి ప్రతివారం ఆ కాగితాలు చింపి దాచి, నందిగామలో బైండు చేయించింది. మధ్యమధ్య తలనూనె ప్రకటనలు, సగం సగం వంటలు కూడా అందులోనే ఉన్నాయి. సీతారావమ్మ కొంత చదివాక కన్ను మసకేసింది. అక్కడ ఆగిపోయి ఏడాదిగా మిగతాది ఏమైందో అని ఉందట. ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

"చక్రధర్ హైమకి గొడుగిచ్చాడు. అక్కణ్ణుంచి చదవండి."

"నాకు నవలలు అలవాటు లేదు."

"చదువొచ్చుగా" అంది.

చదివా. విశాఖపట్నంలో ఒకే బ్యాంకులో ఇద్దరూ పనిచేస్తారు. అతనికి ఆమె అంటే ఇష్టం. ఆమెకీ అంతే. పైకి చెప్పరు. ఒక గంట చదివితే ఆమె గొడుగు తిరిగి ఇచ్చింది. అంతే జరిగింది.

ఫిబ్రవరి 14

గట్టిగా చదవాల్సొస్తోంది. హాలంతా వింటున్నారు. కళ్ళకి కట్లతో ఊరికే పడుకుని ఉన్నవాళ్ళు, ఏం చేస్తారు.

"అడిగాడా అయ్యగారూ?" అంటుంది లూర్దమ్మ మధ్యలో.

"ఇంకా లేదు."

"ఈపాటికి మిరపతోటలో అయితే రెండు కోతలు అయిపోవునే. ఏం మనిషండీ ఆ బాబు."

"పెద్ద చదువులోళ్ళు అక్కా. ఆలోచించుకోవాలి" అన్నాడు ప్రేమదాసు.

"ఆలోచించుకునేలోపు ఆ పిల్లకి మనవలు పుడతారు."

నలుగురిలో చదవలేనివి కొన్ని వాక్యాలున్నాయి. ఆమె జడ గురించీ, అతని మనసులో ఏమనుకున్నాడో అవీ. అవి వదిలేసి కింది వాక్యానికి వెళ్ళా.

"ఏదో వదిలేశారు" అంది సీతారావమ్మ.

"లేదే."

"ఊపిరి పీల్చుకున్నారు. మీరు ఊపిరి పీల్చుకుంటే ఏదో దాటేసినట్టే."

ఫిబ్రవరి 15

రచయిత్రి ఎవరోగానీ మనిషిని విసిగిస్తుంది. చక్రధర్ ఆమె బల్ల దగ్గరికి వెళతాడు, ఫైలు అడుగుతాడు, తిరిగొస్తాడు. రాత్రంతా నిద్రపోడు. మర్నాడు మళ్ళీ ఫైలు. నోరున్నవాడు మాట్లాడడా? ఇలాంటి మనిషి ఎక్కడా ఉండడు.

జావ తాగించా. తల దువ్వడం నాకు చేతకాలేదు. చిక్కు అలాగే వదిలేసి ముడి వేశా. ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 16

మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే అరుగు మీద కూర్చుని ముందుకి చదివా. రేపు ఏం చదవాలో, ఏది వదలాలో చూసుకుందామని మొదలుపెట్టా. ఆపలేకపోయా. ఆఖరిదాకా చదివేశా.

హైమకి గుండెజబ్బు. మొదట్నించీ ఉంది. చక్రధర్‌కి తెలిస్తే జాలిపడి చేసుకుంటాడని దాచింది. చెప్పకుండా ఆపరేషనుకని మద్రాసు రైలెక్కుతుంది. అతను స్టేషనుకి పరుగెత్తుకుని వస్తాడు. రైలు వెళ్ళిపోయింది. ఆమె మద్రాసులో చనిపోతుంది. అతను ఖాళీ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటాడు. అదీ ముగింపు. ముప్పై వారాలు తిప్పి తిప్పి ఇందుకు.

ఇది చదివితే హాల్లో ఒక్క కట్టు పొడిగా ఉండదు. మిగతావాళ్ళ సంగతి దేవుడెరుగు, సీతారావమ్మకి ఉన్నది ఒక్క కన్ను.

ఆపేద్దామంటే ఊరుకోదు. ఏడాదిగా ఆగింది. ముగింపు మార్చి చెప్పాలి. హైమని బతికించాలి. రైలు ఆలస్యంగా వచ్చిందంటే సరిపోతుంది, రైళ్ళు వస్తూనే ఉంటాయి. కానీ అతను స్టేషనుకొచ్చి ఏమనాలి? ఇన్ని వారాలు మాట్లాడనివాడు ఏదో ఒకటి అనాలిగదా. కాగితం మీద రాసుకుందామనుకున్నా. ఏమీ తోచలేదు.

ఫిబ్రవరి 17

ఏం జరిగిందో వరసగా రాస్తా.

పదకొండింటికి మొదలుపెట్టా. జబ్బు సంగతి దాకా ఉన్నదున్నట్టే చదివా. హైమ దాచిందని చదువుతుంటే సీతారావమ్మ "ఎందుకు దాచింది?" అంది. "జాలిపడతాడని" అన్నా. ఇంకేం అడగలేదు.

తర్వాత పుస్తకం తెరిచి పట్టుకునే చూడకుండా చెప్పడం మొదలుపెట్టా. రైలు ఆలస్యమైంది. చక్రధర్ వచ్చాడు. ఎదురుగా నిలబడ్డాడు. హాల్లో చప్పుడు లేదు. నాకేమీ తోచలేదు. నోటికొచ్చింది చెప్పా.

"నీ సంగతి నాకు ముందే తెలుసు, అన్నాడు. నువ్వు దాచావనుకుంటున్నావు. మీ ఊరి రేవులో చూశా నిన్ను. నువ్వు నన్ను చూడలేదు. బిందె ఒడ్డున పెట్టి మొహం కడుక్కుని ఇటు తిరిగావు. అప్పుడే తెలిసింది. తెలిసే ఇంటికెళ్ళి ఈ పిల్లనే చేసుకుంటానని మా నాన్నతో చెప్పా. నన్నెవరూ మోసం చేయలేదు, అన్నాడు."

"విశాఖపట్నంలో రేవెక్కడిది అయ్యగారూ?" అంది లూర్దమ్మ.

"సెలవులకి ఊరెళ్ళింది" అన్నా.

"గుండెజబ్బు మొహం కడుక్కుంటే తెలుస్తదా?"

"నువ్వూరుకో అక్కా, అడిగాడుగా మొత్తానికి" అన్నాడు ప్రేమదాసు. అటుపక్క మంచాల ఆడవాళ్ళు అమ్మయ్య అన్నారు. ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారని చెప్పి పుస్తకం మూశా.

సీతారావమ్మ మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నా. చెయ్యి చూస్తే దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని ఉంది. కట్టు కింద నుంచి చెంప మీదికి నీళ్ళు. చప్పుడు లేకుండా. దిండు తడిసిపోయింది. ఎంతసేపట్నించో.

నర్సమ్మ, ఆ వెనకే డాక్టరుగారు వచ్చారు. కట్టు విప్పి చూశారు. "ఎవరేడిపించారీమెని?" అన్నారు. లోపల రక్తం దిగిందట. మందు వేసి గట్టిగా కట్టారు. అందరికన్నా ఎక్కువ రోజులుండాలి. చూపు సంగతి ఇప్పుడే చెప్పలేనన్నారు.

చావు తీసేశా. రైలు ఆపా. ఏడవాల్సినదంతా తీసేశా. ఎందుకేడ్చిందో నాకు తెలియదు.

ఫిబ్రవరి 18

ప్రేమదాసు అరుగు మీదికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నిన్న మీరు భోజనానికి వెళ్ళినప్పుడు పుస్తకం తిరగేశానండి. ఆ పిల్ల చచ్చిపోతుందిగా అందులో" అన్నాడు.

"ఊ."

"మా అక్కకి చెప్పలేదులెండి." గొంతు తగ్గించి, "ఆ రేవు ముచ్చట ఎక్కడిదండీ?" అన్నాడు.

"ఏదో తోచింది చెప్పా."

నా వైపు చూసి లేచి లోపలికి వెళ్ళాడు.

ఫిబ్రవరి 19

పుస్తకం పెట్టెలో పెట్టేశా. ఆమె అడగలేదు.

ఫిబ్రవరి 20

ఊళ్ళో జల్లు పడిందట. కల్లంలో కాయ తడిసింది. తిరుపతిరావు కబురు పంపాడు. పోతే పోనీ.

ఫిబ్రవరి 22

లూర్దమ్మకి కట్టు విప్పారు. వేళ్ళు లెక్కపెట్టింది. మొదట వాళ్ళ తమ్ముణ్ణి చూసి "ఇట్లా ముసలోడివయ్యావేందిరా" అంది. వెళ్ళేటప్పుడు సీతారావమ్మ మంచం దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. "అమ్మగారూ, మీకూ వస్తుంది" అంది. సీతారావమ్మ చెయ్యి చాపింది. లూర్దమ్మ పట్టుకుంది.

ఫిబ్రవరి 24

మైలవరం నుంచి కబురు. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

చెప్పాలా వద్దా అని మధ్యాహ్నం దాకా తిరిగా. సంతోషానికి కూడా ఏడుస్తారుగా. చివరికి నర్సమ్మని అడిగి చెప్పా.

"నవ్వకూడదు, ఏడవకూడదు. ఊ అనొచ్చా?" అంది.

ఫిబ్రవరి 25

ఆమె పడుకుని ఉంది. నేను కూర్చుని ఉన్నా. పొద్దుపోయింది.

ఫిబ్రవరి 27

రేపు కట్టు విప్పుతామన్నారు. ఉన్న ఒక్క కన్నూ నా వల్ల పోతే భారతికి ఏం చెప్పాలి?

ఫిబ్రవరి 28

వెలుగు తెలుస్తోంది. చెయ్యి ఆడిస్తే తెలుస్తోంది. మనిషి ఆకారం తెలుస్తోంది. కంటిపాప ఒక పక్కకి లాగేసిందట. కళ్ళజోడు వచ్చాక గానీ ఎంత చూపో చెప్పలేరు. రక్తం దిగకుండా ఉంటే ఇంకా బాగుండేదన్నారు డాక్టరుగారు. కోపంగా అనలేదు.

బస్సులో నందిగామ దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. అక్కడ దిగి సోడా తాగుతావా అంటే వద్దంది.

మార్చి 15

రెండు కోతలూ అమ్మేశాం. తడిసిన కాయకి రంగు పోయింది.

నల్ల కళ్ళద్దాలతో వసారాలో కూర్చుంటోంది. పనివాళ్ళతో మామూలుగానే మాట్లాడుతోంది. నాతో కూడా మామూలుగానే. ఏమీ తేడా లేదు.

ఏప్రిల్ 9

అద్దాలొచ్చాయి. సీసా అడుగంత మందం. పెట్టుకుని ఇల్లంతా తిరిగింది. గడప ఎత్తుగా కనపడుతోందంట, కాలు ఎత్తెత్తి వేస్తోంది. పేపరు ఇస్తే ముక్కుకి ఆనించి పెద్ద అక్షరాలు చదివింది. చిన్నవి కూడబలుక్కుని చదివింది. ఇంతే వస్తుంది, ఇంకా పెరగదన్నారు.

పోలేదు. అంతే చాలు.

ఏప్రిల్ 10

పెట్టె తీసి పుస్తకం బయట పెట్టింది.

"కంటికి శ్రమ" అన్నా.

"మెల్లగా చదువుతా."

"కథ అయిపోయిందిగా. విన్నావుగా."

"విన్నా" అంది.

ఏప్రిల్ 18

రోజుకి ఒక కాగితం. మొదట్నించీ చదువుతోంది. ఆ పుస్తకం ఏ గంగలోనో పారేసి, శిబిరంలో పోయిందని చెప్పాల్సింది.

ఏప్రిల్ 29

గొడుగు దగ్గరికి వచ్చింది. నేను పొలం వెళుతున్నా, వస్తున్నా. వచ్చినప్పుడల్లా ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నా. గుర్తు కోసం కోడిపుంజు ఈక పెట్టుకుంది.

మే 20

వడగాలి. జబ్బు సంగతి దగ్గరుంది ఈక.

మే 27

అయిపోయింది.

మధ్యాహ్నం అన్నం పెట్టింది. నేను తిని చెయ్యి కడుక్కుని వచ్చేదాకా ఏమీ అనలేదు.

"హైమ చచ్చిపోయింది" అంది.

"ఊ."

"అతను రైలుకి అందలేదు."

"నువ్వు ఏడవకూడదన్నారుగా. అందుకని మార్చా."

"తెలుసు. వింటున్నప్పుడే తెలిసింది. ఇన్ని వారాలు నోరు విప్పనివాడు స్టేషనులో అంత మాట అంటాడా? ఆ రచయిత్రి రాసిందే సరి." అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "పుస్తకంలో రేవు లేదు."

"లేదు."

"మా ఊరి రేవేనా?"

తప్పించుకోవచ్చు. శిబిరంలో అన్నట్టే ఏదో తోచిందని అనొచ్చు. అద్దాల వెనక ఆ కన్ను ఇంత పెద్దదై కనపడుతోంది.

"మీ ఊరి రేవే. నాన్నతో ఎడ్లు కొనడానికి వచ్చా. కొన్నాక నీళ్ళు తాగిద్దామని దిగా. నువ్వు బిందెతో ఉన్నావు."

"నా కన్ను చూశారు."

"చూశా. రెండు పక్కలా చూశా."

"అత్తగారికి తెలియదు."

"నాన్నకి కూడా చెప్పలేదు. ఆ పిల్లయితే చేసుకుంటానన్నా, అంతే."

బయట గొడ్ల మెడలో గంట వినపడుతోంది.

"మిమ్మల్ని మోసం చేశామనుకున్నా" అంది. "మా నాన్న చేసిన పనికి మీరు బలైపోయారనీ, మంచివారు గనక పైకి అనలేదనీ అనుకున్నా. ఈ ఇంట్లో ఏం తిన్నా దొంగిలించి తిన్నట్టుండేది."

"నువ్వెప్పుడూ అడగలేదు."

"మోసం చేసినవాళ్ళు అడుగుతారా?"

ఖాళీ చెంబు అందుకుని మళ్ళీ కింద పెట్టా.

"అత్తగారు పందిట్లో అంతమందిలో అరుస్తుంటే, నేను చూశానమ్మా అని ఒక్క మాట. మీ పక్కనే కూర్చున్నాగదండీ. వింటూనే ఉన్నాగా."

కంచం తీసుకుని లోపలికి వెళ్ళింది. గిన్నెలు తోముతున్న చప్పుడు వచ్చింది. ఏడుపు వినపడలేదు.

మే 28

మాట్లాడలేదు. వంట చేసింది. పిలవకుండా వడ్డించింది.

మే 29

పొలం వెళ్ళా. పనేమీ లేదు. గట్టు మీద కూర్చుని వచ్చా.

ఆ రోజు పందిట్లో ఎందుకు అనలేదో ఆలోచించా. భయం కాదు. అమ్మంటే నాకు అంత భయం లేదు. అందరూ అరుస్తున్నారు, అరుపులు ఆగాక చెబుదామనుకున్నా. ఆగాక ఇక చెప్పాల్సిన అవసరం కనపడలేదు. ఇంతకన్నా నాకు ఏమీ గుర్తులేదు.

మే 30

సాయంత్రం వసారాలో కూర్చున్నా. సీతారావమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇంకేమన్నా ఉన్నాయా?" అంది.

"ఏమిటి?"

"నాకు చెప్పనివి."

ఏముంటాయి అనబోయా. ఊపిరి పీల్చుకున్నా. ఆమె అది విన్నది.

"ఆలోచించుకుని చెబుతా" అన్నా.

"ఆలోచించుకోండి" అంది. పీట తెచ్చుకుని నా ఎదురుగా వేసుకుంది. కొంగు నడుముకి దోపుకుని కూర్చుంది. "నాకేం తొందర లేదు. పొయ్యి మీద కూడా ఏం లేదు."

చెప్పా. ఏం చెప్పానో ఇందులో రాయను.